మహాసభలయందు వినుటయు కనుటయు: సాధనసామగ్రి చరిత్రము

ప్రతి మహాసభకును ముందు ఆహ్వానసంఘమువారు పందిరిని గూర్చియు, భోజనములను గూర్చియు, అధ్యక్షులవారి యూరేగింపును గూర్చియు నెలల తరబడి యాలోచింతురు. ధ్వనివర్ధకములను గూర్చిన యాలోచన మాత్రము సామాన్యముగా చివరి వారమున మైకుసెట్టు యజమానికి బయానా యిచ్చుటతో ముగియును. సభ జరుగును. వేదికపై నున్నవారికి సర్వము సుఖముగా వినబడును. వెనుక వరుసలవారికిని, ఒక ప్రక్కగా కూర్చుండబెట్టబడిన స్త్రీలకును "సోదరులారా" యను సంబోధనయు, చప్పట్లును మాత్రమే చేరును. తీర్మానము ఏకగ్రీవముగా నామోదింపబడెనని వారు మఱునాడు పత్రికలో చదివి తెలిసికొందురు. పూర్వము మన పెద్దలు సభకు మాట వినిపించుటకును బొమ్మ చూపుటకును ఎట్టి సాధనములు కల్పించుకొనిరో, తరువాత యంత్రములు ఏ క్రమమున వచ్చినవో, వానిని మనమెట్లు వాడుకొనవలసి యున్నదో పద్మశాలి సోదరసోదరీమణులకును, పోషక మహాశయులకును ఈ సంచికద్వారా విన్నవింప దలచితిమి.

బొమ్మ చూపుచు కథ వినిపించు విద్య మనకు క్రొత్తది కాదు. తెలంగాణమున మన కులము నాశ్రయించియున్న కూనపులివారు మార్కండేయ పురాణమును, భావనాఋషి చరితమును పటముపై చూపుచు గానము చేయుట మన పెద్ద లెల్ల రెఱిగినదే. ఆ పటములను చేర్యాల నకాషీ చిత్రకారులు వ్రాయుదురు. ఖద్దరు గుడ్డకు చింతగింజల యంబలియు, సుద్దమట్టియు, జిగురును కలిపి పూసి, ఆఱిన పిమ్మట ఎఱ్ఱని నేలపై మూర్తులను తీర్తురు. ముప్పది నలువది యడుగులు దాటిన పటములు గలవు. కథకుడు పటమును ఒక్కొక్క ఘట్టముగా విప్పుచు, కఱ్ఱతో మూర్తిని చూపుచు, ఆ ఘట్టమును పాడును, వంతవారు అందుకొందురు. ఇందలి యేర్పాటును శ్రద్ధగా గమనింపవలయును. మొదటి సారి వినబడని మాట వంతలో రెండవసారి వినబడును. ఒకసారి ఒక ఘట్టమే కన్నుల యెదుట నుండుటచే శ్రోత యెందును చిక్కుపడడు. నూనెదీపపు వెలుతురులో సైతము మూర్తులు తేటపడుటకు ఆ యెఱ్ఱని నేల తోడ్పడుచుండెనని మా యభిప్రాయము. పటము జీర్ణించినప్పుడు దానిని పాఱవేయక నదిలో నిమజ్జనము చేయు నాచారము కూడ నున్నది. యంత్రములపై నేడు మనకు లేని గౌరవము ఆ గుడ్డపై వారి కుండెను!

ఇట్టి యాశ్రితవర్గములు ఒక్క మనకే గాక యితర కులములకును గలవు. ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు కథలు చెప్పుదురు. మన కులము నాశ్రయించిన సాధనాశూరులు అద్భుతవిద్యలు ప్రదర్శించి కానుక లందుకొనుచుండిరి. ఊరిలోని నేతకుటుంబములన్నియు ఒక్కచోట కూడి తమ కులము పుట్టుపూర్వోత్తరములు విను ఆ రాత్రులే మన మొదటి మహాసభలని చెప్పుటకు మేము సంశయింపము.

ఐరోపాఖండమున పదునేడవ శతాబ్దిలో మాయాదీపము పుట్టెను. 1659వ సంవత్సర ప్రాంతమున హాలెండు దేశపు శాస్త్రజ్ఞుడు క్రిస్టియాన్ హైగెన్సు దీనికి రూపము కల్పించెను. గాజుపలకపై వ్రాసిన బొమ్మను దీపమునకును కటకమునకును నడుమ తలక్రిందులుగా నుంచిన, అది తెల్లగుడ్డపై నిలువుగా, పెద్దదిగా పడును. గుడ్డ వెనుకనుండి బొమ్మను పడవేయునప్పుడు వెలుతురు బాగుగా చొచ్చివచ్చుటకై ఆ గుడ్డను నీటితో తడుపుచుండిరి. ఇరువదవ శతాబ్ది ప్రథమభాగమున మన దేశమున ఆరోగ్యప్రచారకులు ఈ దీపములను ఊరూర త్రిప్పి మసూచికము, మలేరియా మున్నగువానిని గూర్చి ఉపన్యసించుచుండిరి. నేతగాడు నేసిన తెల్లగుడ్డ లేనిదే ఆ విజ్ఞానమేదియు కనబడి యుండదు.

బొమ్మకు మాటను జోడించుటలో ఒక తెలుగువాని సాహసమును ఇట స్మరింపక పోరాదు. మచిలీపట్టణమున జన్మించి చెన్నపట్టణమున ఛాయాచిత్రకారుడుగా జీవించిన రఘుపతి వెంకయ్యగారు 1910 ప్రాంతమున గోమో కంపెనీవారి క్రోనోమెగాఫోను యంత్రమును విదేశమునుండి తెప్పించిరి. తెరపై బొమ్మ కదలుచుండగా గ్రామఫోను పలకనుండి వెలువడు ధ్వనిని ఒత్తిడి పెట్టిన గాలిచే పెద్దది చేసి వినిపించు యంత్రమది. విద్యుద్ధ్వనివర్ధకము లింకను పుట్టని కాలమున గాలినే వర్ధకముగా వాడుట యెంత యుక్తి! ఆ యంత్రముతో వారు తెలుగుదేశముననే గాక రంగూను, సింహళములలో కూడ ప్రదర్శనము లిచ్చిరి. 1914లో చెన్నపట్టణమున గెయిటీ ప్రదర్శనశాలను నిర్మించిరి. తెలుగున తొలి మాటలచిత్రము భక్తప్రహ్లాద 1932లో వచ్చునప్పటికి వారి యాస్తి యంతయు హరించి యుండెను.

అదే కాలమున నాటకరంగమున నటులకు గొంతే సాధనము. హార్మోనియముపై శ్రుతి హెచ్చించి, రాగమును సాగదీసి, ఆఖరు బెంచీవానికి పద్యము చేరునట్లు పాడుచుండిరి. సభలలోను అంతియే. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమైనప్పుడు లెక్కకు మిక్కిలి జనము వచ్చిరి. గాంధీమహాత్ముని దర్శించుకొన్నవారే వారిలో నెక్కువ, విన్నవారు తక్కువ. ఆ దినములలో మహాత్ముని వాక్యము అనువాదకుని గొంతున తెలుగై, ముందువరుసలవారి నోట వెనుకకు సాగుచు, సభ చివరకు చేరునప్పటికి ఏ రూపము దాల్చుచుండెనో యూహించుకొనవచ్చును.

ధ్వనివర్ధకము ముగ్గు రన్నదమ్ముల ఉమ్మడి సంసారము వంటిది. మాటను విద్యుత్తుగా మార్చు మైకు మొదట పుట్టెను. 1877, 78 సంవత్సరములలో ఎడిసను, హ్యూసు, బెర్లినరు లను వారు వేఱువేఱుగా దీనిపై కృషి చేసిరి. బొగ్గుపొడిపై మాట యొత్తిడి తగిలినపుడు విద్యుత్తు హెచ్చుతగ్గులగుట దీనిలోని కీలకము. ఆ బలహీన విద్యుత్తును బలపఱచు గాజుబుడ్డి, లీ డి ఫారెస్టు 1906లో కల్పించిన ఆడియానునుండి వచ్చెను. విద్యుత్తును తిరిగి మాటగా మార్చు గొట్టము మూడవది. 1915 క్రిస్మసు ముందునాటి సాయంకాలమున శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున జెన్సను, ప్రిఢము అనువారు తమ మాగ్నవాక్సు గొట్టములతో వేలాది జనమునకు సంగీతమును వినిపించిరి. 1919లో అమెరికా అధ్యక్షుడు విల్సను శాండియాగోలో గాజుగదిలో నిలిచి సుమారు 50,000 మందికి వినబడునట్లు మాటలాడెను. 1925లో రైసు, కెల్లాగులు కాగితపు శంకువుతో చేసిన లౌడుస్పీకరే నేటి స్పీకరులకెల్ల పూర్వజుడు.

మన దేశమున 1930 తరువాత కాంగ్రెసు మహాసభలకు మోత్వానీ కుటుంబము వారి చికాగో రేడియో ధ్వనివర్ధకములు ప్రసిద్ధిచెందెను. ఆ కాలపు నాయకుల ఛాయాచిత్రములలో ముఖమునకు ముందు "చికాగో" యను అక్షరములుగల మైకు కనబడుచుండుట పాఠకులు గమనించియే యుందురు. క్రమముగా మైకులేని సభ సభయే కాదను భావము నాటుకొనెను. దానితో మఱొక దోషమును ప్రవేశించెను: యంత్రమున్నది గనుక అందఱకు వినబడుచునే యుండునని తలంచి, అడుగుట మానివైచితిమి.

వినబడకుండుటకు కారణములు శాస్త్రమున తేటతెల్లముగా నున్నవి. ఆరుబయట దూరము రెట్టింపైన ప్రతిసారియు ధ్వని ఆరు డెసిబెళ్ళు తగ్గును. కావున వేదిక కిరుప్రక్కల రెండు పెద్ద గొట్టములు మాత్రమే కట్టి, వెనుకవారికై వాని బలమును హెచ్చించిన, ముందువరుసల వృద్ధులు చెవులు మూసికొందురేగాని వెనుకవారికి మాట తేటపడదు. చిన్న స్పీకరులను పందిరి పొడవున వరుసగా నమర్చుటయే మేలు. అయితే వేసవి యెండలో ధ్వని సెకనుకు సుమారు 1,150 అడుగులు మాత్రమే పోవును. నూఱడుగుల దూరమున కూర్చున్నవానికి ప్రక్కనున్న స్పీకరులో మాట ముందుగను, వేదికనుండి వచ్చు మాట సెకనులో పదునొకండవ వంతు వెనుకగను చేరి, ఒకే మాట రెండుగా వినబడును. దీనికి విఱుగుడుగా వెనుక స్పీకరులకు పోవు ధ్వనిని ఆ మాత్రము ఆలస్యము చేయు పరికరములు నేడు సులభముగా లభించుచున్నవి. మైకుసెట్టువారిని అడిగినగాని వారు తేరు.

మైకు కూత వేయుటకు కారణము కూడ నిట్టిదే. స్పీకరు మాట మరల మైకులో ప్రవేశించి, అది మరల స్పీకరున వెలువడి, ఆ గొలుసు తెగక పెరుగుటచే కూత పుట్టును. స్పీకరులు మైకునకు ముందుగా, శ్రోతలవైపు తిరిగి యుండవలయును. వక్త మైకునకు జేనెడులోపల నిలువవలయును. మన వక్తలలో కొందఱు మైకును చూడగనే రెండడుగులు వెనుకకు జరుగుదురు. అది వినయమని వారి తలంపు కాబోలు!

మూసిన మందిరములలో మఱొక చిక్కు గలదు. 1895లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున క్రొత్తగా కట్టిన ఉపన్యాసశాలలో ఒక్క మాటయు అర్థముకాకుండెను. పలికిన మాట అయిదున్నర సెకనులు గోడలమధ్య తిరుగాడుచుండెను. వాలెసు సబైను అను యువాచార్యుడు మఱొక శాలనుండి దిండ్లు రాత్రులయందు మోయించి తెచ్చి, బల్లలపై పఱచి, ఎన్ని దిండ్లకు ఎంత ప్రతిధ్వని తగ్గునో కొలిచెను. ఆ కొలతలనుండియే మందిరధ్వనిశాస్త్రము జనించెను. ప్రతిధ్వనిని మ్రింగునది దిండు, గుడ్డ, మనుష్యదేహము. దానిని పెంచునది నునుపైన గోడ, గాజు, రాతినేల. నేటి కల్యాణమండపములన్నియు పాలరాతితోను, అద్దములతోను నిండియున్నవి. మందముగల తెరలను మడతలు వచ్చునట్లు వెనుకగోడపై వ్రేలాడదీసిన, ఏ యంత్రమును చేయలేని మేలు జరుగును. గుడ్డ నేయు కులము తన మహాసభకు గుడ్డను ఎరువు తెచ్చుకొనవలసిన పని లేదు గదా!

ఇక మన సభకే ప్రత్యేకమగు విషయ మొకటి గలదు. దీనిని చెప్పుటకే ఈ వ్యాసమును ముఖ్యముగా నుద్దేశించితిమి. మన ప్రతినిధులలో సిరిసిల్ల, భివండి, షోలాపురము, సూరతు మున్నగు చోట్ల మరమగ్గములపై బ్రదుకు గడపినవారు పెక్కుమంది. మరమగ్గపు శాలలలో రొద తొంబది డెసిబెళ్ళు దాటుట సామాన్యము. ఇరువది ముప్పది యేండ్లు ఆ రొదలో నున్నవాని చెవి మెల్లమెల్లగా చెడును. అందును సన్నని, తీక్ష్ణమైన ధ్వనులు ముందుగా పోవును. వానికి మాట వినబడినట్లే యుండునుగాని హల్లులు తెలియవు. "కూలి" యన్నారో "పూలి" యన్నారో పోల్చుకొనలేడు. అట్టివాడు నలుగురిలో "ఏమి?" యని యడుగుటకు సిగ్గుపడి, అందఱితోపాటు చేయి యెత్తును. కూలిరేటును గూర్చియు, నూలు ధరను గూర్చియు, వృద్ధాప్యపు పింఛనును గూర్చియు మనము చేయు తీర్మానములు ఎవ్వరి కొఱకైనవో, ఆ మనుష్యుడే వానిని వినకుండ చేయి యెత్తుచున్నాడు. బలము పెంచినమాత్రమున ఇట్టివారికి లాభము లేదు, మాట తేటపడవలయును. కావున వారికి ముందుభాగమున స్థలము కేటాయించుటయు, స్పీకరులో గంభీరధ్వనిని తగ్గించి హల్లులు తేలునట్లు సరిచేయించుటయు, తీర్మానమును తెరపై అక్షరములలో చూపుటయు తప్పనిసరి.

తెరను గూర్చి రెండు మాటలు. తెలుగులిపిలో ఒత్తులును, గుణింతపు గుర్తులును పైనను క్రిందను చేరుటచే, ఇంగ్లీషు అక్షరములకు చాలిన పరిమాణము మనకు చాలదు. ఒక తెరపై అయిదాఱు పంక్తులకు మించి వ్రాయరాదు. షోలాపురము, భివండులలో పెరిగిన పిల్లలలో ఇంట తెలుగు మాటలాడుచు, చదువు మరాఠీలో సాగించినవారు గలరు. తీర్మానపు సారము వారి లిపిలో కూడ క్రిందుగా నుండుట న్యాయము. పందిరిలో పట్టపగలు ప్రొజెక్టరు బొమ్మ వెలవెలబోవును; వెలుగు పలకల తెర యైన నిలుచును, కాని దాని యద్దె హెచ్చు. ధన మల్పమైనచో పూర్వాహ్ణమున ఉపన్యాసములును, చీకటిపడిన పిమ్మట చిత్రప్రదర్శనమును పెట్టుకొనవచ్చును. కూనపులివారు రాత్రివేళ పటము విప్పుటలో నిట్టి యుక్తియే యున్నది.

రాజశాసనమును గూడ గుర్తుంచుకొనవలయును. 2000వ సంవత్సరపు ధ్వనికాలుష్య నియమముల ననుసరించి బహిరంగస్థలమున లౌడుస్పీకరునకు అధికారుల యనుమతి పత్రము కావలయును; రాత్రి పది గంటలనుండి ఉదయము ఆఱు గంటలవఱకు నిషేధము. సాంస్కృతిక కార్యక్రమము అర్ధరాత్రి దాటుట మన సభలకు అలవాటైనది.

పోషక మహాశయులకు మా విన్నపము చిన్నది. దాతల పేర్లు వ్రాసిన స్వాగతతోరణములలో ఒక్కదానిని తగ్గించి, ఆ ధనమును వెనుకవరుసల స్పీకరులకును, విద్యుత్తు పోయిన వెంటనే యందుకొను జనరేటరునకును కేటాయింపుడు. కార్యకర్తలు సభకు ముందునాటి సాయంకాలమే సామగ్రి యంతయు బిగించి, ఒకడు వేదికపై తీర్మానపాఠమును చదువుచుండగా, ఇద్దఱు చివరి వరుసలోను, స్త్రీల వరుసలలోను కూర్చుండి వ్రాసికొనవలయును. వ్రాసినది పాఠముతో సరిపోలనిచో స్పీకరులను మార్చవలయును. శూన్యమగు మందిరమున ప్రతిధ్వని యెక్కువగా నుండునని, జనము నిండిన తరువాత తగ్గునని యెఱిగి సరిచూచుకొనవలయును. సభ జరుగునప్పుడు ప్రతి మూలను ఒక స్వచ్ఛందసేవకునికి ఎఱ్ఱగుడ్డ యొకటి యియ్యవలయును. అచ్చటివారికి మాట వినబడనిచో అతడు దానిని పైకెత్తును. అది దిగువఱకు కార్యదర్శి తీర్మానమును చదువుట నిలుపవలయును.