తెరిచి ఉంచిన ఉత్తరం

“కార్డు ముక్క రాయకే తల్లీ, పోస్ట్‌మేన్ కూడా చదివేస్తాడు. కవరులో పెట్టి రాయి” అనేవారు మన పెద్దవాళ్ళు. ఇంటి గుట్టు వీధిన పడుతుందని వాళ్ళ భయం. ఆ భయం మన ఒక్కళ్ళదే కాదు లెండి. 1869లో వియన్నాలో ఎమాన్యుయెల్ హెర్మన్ అనే ఆర్థికశాస్త్ర ఆచార్యుడు, చిన్న కబుర్లకి చిన్న కార్డు చాలదా అని పత్రికలో రాశాడు. ఆ అక్టోబరు 1నే ఆస్ట్రియా-హంగరీ తపాలావారు కార్డు తెచ్చేశారు. నౌకర్లు చదివేస్తారేమోనని అక్కడి మర్యాదస్తులూ మొహం చిట్లించారు. అయినా కార్డు ఆగిందా? 1879 కల్లా మన దేశానికీ వచ్చేసింది, పావు అణా ఖరీదుకి.

ఆ కార్డు ముక్కకీ, ఈనాడు సెల్‌ఫోనులో రాసుకుంటున్న పొట్టి కబుర్లకీ చుట్టరికం ఉందంటే నమ్ముతారా? 1985లో జర్మనీలోని బాన్ నగరంలో ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ అనే ఇంజనీరు టైపు మిషను ముందు కూర్చుని, తోచిన వాక్యాలన్నీ కొట్టి అక్షరాలు లెక్కపెట్టుకున్నాడు. ఫోనులో పంపే కబురు ఎంత పొడుగుంటే చాలు అన్నది ఆయనగారి చింత. 160 చాలుననిపించింది. సరేనని పోస్టుకార్డులు తీసి చూస్తే, చాలావాటిలో 150 కూడా లేవట!

2006లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ట్విట్టర్ పుట్టినప్పుడు ఆ 160లోంచి 20 రాసేవారి పేరుకి అట్టేపెట్టి, మిగిలిన 140 మాటలకి వదిలారు. నవలలు రాసుకునేదాన్ని, 140 అక్షరాల్లో నా నాయిక తలుపు గడియ కూడా తియ్యలేదు! పైగా మన లిపికి ఆ లెక్కలో అన్యాయమే. ఒత్తులూ గుడులూ విడివిడిగా లెక్కేస్తారు కాబట్టి ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికే ఆరు ఖర్చు. 2017లో 280 చేశారు కాబట్టి కాస్త ఊపిరాడింది.

మొదట్లో అది అడిగిన ప్రశ్న “ఏం చేస్తున్నారు?” అని. కాఫీ తాగుతున్నాననీ, బస్సు రాలేదనీ ఎన్నాళ్ళు రాస్తారు ఎవరైనా? జనం తమకి ఇష్టమైన సంగతులు రాయడం మొదలెట్టారు. 2009లో ఆ ప్రశ్నని “ఏం జరుగుతోంది?” అని మార్చారు.

పోస్టుకార్డుకి లోపమనుకున్నదే ఇక్కడ ఆకర్షణ అయింది. ఎవరైనా చదవచ్చు. స్నేహం చెయ్యమని బతిమాలక్కర్లేదు, బదులు రాయలేదని నిష్ఠూరాలుండవు. ఈ సుఖం మనకి కొత్తేమీ కాదు. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ గారు దశాబ్దాల పాటు నడిపిన ‘ప్రమదావనం’ శీర్షిక గుర్తుందా? ఒకావిడ ప్రశ్న వేసేది, నోరు విప్పి అడగలేని వందమంది జవాబు చదువుకునేవారు. ఇంట్లో మొగుడికీ పిల్లలకీ పట్టని మన ఇష్టం, ఊరూ పేరూ తెలియని ఇంకెవరికో ఉందని తెలియడం తక్కువ ఓదార్పా?

అలాంటి వాళ్ళు ఒకరికొకరు దొరికే ఉపాయం 2007 ఆగస్టులో క్రిస్ మెసీనా అనే ఆయన చెప్పాడు. మాట ముందు ఒక గళ్ళ గుర్తు పెడితే, అదే మాట రాసినవాళ్ళంతా ఒకచోట కనబడతారు. 2019 జూలైలో ‘శారీ ట్విట్టర్’ అన్న గుర్తు కింద మన దేశపు ఆడవాళ్ళు చీరలు కట్టుకున్న ఫొటోలు పెట్టారు. ప్రియాంకా గాంధీ కూడా తన పెళ్ళినాటి ఫొటో పెట్టారు. పెళ్ళి పందిట్లో ఆడవాళ్ళు పక్కావిడ పైట చెంగు పట్టుకుని “ఎక్కడ కొన్నారండీ?” అనడం చూడనివాళ్ళెవరు? అచ్చం అదే!

అయితే తెరిచిన తలుపులోంచి పేరంటాళ్ళే వస్తారా? పేరు దాచుకుని తిట్టిపోసేవాళ్ళూ వచ్చారు, ఆడపేరు కనిపిస్తే మరీను. ఆ తిట్లు భరించలేక రాయడం మానేసినవాళ్ళున్నారు. 2022 అక్టోబరులో ఆ సంస్థని ఎలాన్ మస్క్ కొన్నాడు, మరుసటేడు జూలైలో పేరే మార్చి ‘ఎక్స్’ అన్నాడు. నచ్చనివాళ్ళు మాస్టడాన్‌కీ, బ్లూస్కైకీ తరలిపోయారు. ఏళ్ళ తరబడి ఒకరి మాటలు ఒకరు చదువుకున్నవాళ్ళు, ఎవరు ఏ గూటికి చేరారో తెలియక కొత్తచోట మళ్ళీ చీరల పేర్లూ, పిట్టల పేర్లూ పట్టుకుని ఒకరినొకరు వెతుక్కున్నారు.