ఫోను నంబర్లు అచ్చువేయించిన కార్యదర్శి

చైనా అధికారుల జీవితాలను గూర్చి చదువుతున్నప్పుడు నన్ను మిక్కిలి తికమక పెట్టిన వ్యక్తి ఛ్యూ హ. (అతని ఇంటిపేరు అక్షరాన్ని మామూలు మాటగా చదివితే పగ అని అర్థమట, రెండవ అక్షరానికి సామరస్యమని!) ఒకప్పుడు నేనూ ఇతణ్ణి మెచ్చుకున్నవాణ్ణే.

1957లో జియాంగ్సు రాష్ట్రంలో పుట్టాడు. చదివినది సస్యరక్షణ శాస్త్రం. 1996లో షుయాంగ్ అనే వెనుకబడిన కౌంటీకి పార్టీ కార్యదర్శి అయ్యాడు. అక్కడ కార్యదర్శి మాటే శాసనం. రోడ్లకు డబ్బు లేకపోతే ఉద్యోగుల జీతాల్లో పదోవంతు కోసి వేయించాడు. అధికారులను నియమించే ముందు వారి పేర్లు ప్రకటించి, అభ్యంతరాలుంటే చెప్పమని ప్రజలను అడిగాడు. తరువాత సుఛియెన్ నగరానికి పెద్దయి ప్రభుత్వ ఆసుపత్రులను దాదాపు అన్నిటినీ అమ్మేశాడు. సంస్కర్త అన్నవారూ, నియంత అన్నవారూ సమానంగానే ఉండేవారు.

2007 చివర యున్నాన్ రాజధాని కున్మింగ్‌కు కార్యదర్శిగా వెళ్ళాడు. 2008 ఫిబ్రవరిలో నగర అధికారుల పేర్లు, బాధ్యతలు, ఫోను నంబర్లు అక్కడి దినపత్రికలో అచ్చయ్యాయి. ఆ వార్త చదివి ఎంత సంబరపడ్డానో! మా వైపు మండలాఫీసులో ఫోను ఎత్తే నాథుడే ఉండని రోజులవి.

అదే కార్యదర్శి ఊరి మధ్య మిగిలిన పల్లెలను కూల్పించాడు. దొంగల భయంతో జనం కిటికీలకు బిగించుకున్న ఇనుప బోనులను పీకించాడు. లువోసివాన్ టోకు బజారును ఊరి వెలుపల చెంగ్‌గోంగ్‌కు తరలించాడు. వర్తకులు మొత్తుకున్నా వినలేదు. ఆ కొత్త బజారు కట్టిన వ్యాపారి ఇతనికి జియాంగ్సు నాటి పరిచయస్థుడేనని చైనా పత్రికలు తరువాత వ్రాశాయి. ఏ భూమి ఎవరికి ఎందుకిస్తున్నారని అడగడానికి ఆనాటి జాబితాలో ఏ నంబరుకు ఫోను చేయాలి? సంబరపడ్డ రోజున నాకు ఈ ప్రశ్న తట్టలేదు.

2011లో రాష్ట్ర ఉపకార్యదర్శి అయ్యాడు. అంతకుముందు పదేళ్ళు యున్నాన్‌ను ఏలిన బాయ్ ఎన్‌పెయ్ 2014 ఆగస్టులో విచారణలో చిక్కాడు. 2015 మార్చి 15న పెకింగులో జాతీయ ప్రజా కాంగ్రెసు సమావేశాలు ముగిశాయి. వాటికి ప్రతినిధిగా వచ్చిన ఛ్యూపై విచారణ మొదలైనట్లు ఆ రోజే ప్రకటన వెలువడింది. 2016 డిసెంబరులో గుయియాంగ్ న్యాయస్థానం, 2 కోట్ల 43 లక్షల యువాన్లకు పైగా లంచం తీసుకున్నాడని, పద్నాలుగున్నరేళ్ళ శిక్ష వేసింది.

ఆసుపత్రుల సంగతి సగంలో వదిలేశాను. శిక్ష పడిన ఆ 2016లోనే సుఛియెన్‌లో మళ్ళీ ఒక పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి తెరిచారు.