సెలవుల యాత్రకు గమ్యం ఎంచుకోవడం ఎలా? ఝపటాపూర్ చూపే దారి

సెలవులు ఖరారు కాగానే ప్రతి ఇంటా తలెత్తే ప్రశ్న ఒకటే: ఈసారి ఎక్కడికి వెళ్లాలి? 28 రాష్ట్రాలు, 8 కేంద్రపాలిత ప్రాంతాలు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో 22 భాషలు ఉన్న దేశంలో ‘తప్పక చూడవలసిన స్థలాల’ జాబితా ఈ ప్రశ్నకు సమాధానం కాజాలదు. జాబితాను పట్టుకొని తిరిగేవారి సెలవుల్లో అధికభాగం ప్రయాణాలకే ఖర్చవుతుంది. ఒక ఊరిని కేంద్రంగా పెట్టుకొని, ఉదయం బయలుదేరి రాత్రికి తిరిగి రాగల దూరంలోని విశేషాలను చూడటం అంతకన్నా మేలైన పద్ధతి.

ఆ కేంద్రాన్ని ఎంచుకోవడానికి మూడు ప్రమాణాలు ఉపకరిస్తాయి. చేరుకోవడం సులభమేనా? చుట్టుపక్కల వైవిధ్యం ఉందా? అక్కడివారితో మాట కలిపే వీలుందా? పర్యాటక జాబితాల్లో అరుదుగా కనిపించే ఖరగ్‌పూర్ ఈ మూడింటికీ తగిన ఉదాహరణ.

రైలుతో పుట్టిన పట్టణం

పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని ఖరగ్‌పూర్, హావ్‌డా నుంచి సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, హావ్‌డా-చెన్నై ప్రధాన మార్గంపై ఉంది. కోరమాండల్, ఫలక్‌నుమా వంటి రైళ్లు ఇక్కడ ఆగుతాయి. విశాఖపట్నం నుంచి ఒక రాత్రి ప్రయాణం. 1072.5 మీటర్ల ఇక్కడి ప్లాట్‌ఫామ్ చాలాకాలం ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరొందింది. తరువాత గోరఖ్‌పూర్, ఆపై 2023లో 1507 మీటర్లతో హుబ్బళ్ళి దానిని మించాయి.

బెంగాల్ నాగపూర్ రైల్వే 19వ శతాబ్దం చివర ఇక్కడ జంక్షన్‌ను, భారీ వర్క్‌షాపును నెలకొల్పింది. తూర్పు తీర రైలు మార్గపు ఉత్తర భాగం 1902లో అదే సంస్థ చేతికి వచ్చింది. ఆ పట్టాల వెంటే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల వారు ఉపాధి కోసం ఇక్కడికి తరలివచ్చారు. బెంగాలీ, హిందీ, ఒడియా, పంజాబీ మాట్లాడేవారితో కలిసి వారు స్థిరపడిన ఈ పట్టణాన్ని స్థానికులు ‘మినీ ఇండియా’ అంటారు.

మాట కలిసే పేటలు

ఝపటాపూర్ వంటి పేటల్లో నడిచే యాత్రికుడికి బెంగాలీ బోర్డుల మధ్య తెలుగు మాట వినిపిస్తుంది. అందులో ఉత్తరాంధ్ర యాస ఆనవాళ్లు, బెంగాలీ, హిందీ పదాలు కలగలిసి ఉంటాయి. వేసవి ముంగిట తెలుగువారు జరిపే మాతా పూజ ఈ పట్టణపు ప్రధాన వేడుకల్లో ఒకటి.

పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా కల్పించేందుకు ఆమోదం తెలిపింది. అయితే ఏ భాషకైనా గుర్తింపు ఒక్కటే ఆధారం కాజాలదు. బడిలో, కొలువులో వేరే భాషలతో మెలగే కొత్త తరానికి ఇంటి వెలుపల తెలుగులో మాట్లాడే సందర్భాలు కావాలి. తెలుగు నేల నుంచి వచ్చే అతిథి టీ దుకాణం దగ్గర తెలుగులో పలకరించడం అలాంటి సందర్భమే. యాత్రికుడికి కూడా అది గైడ్ అవసరం లేకుండా ఊరిలోకి తెరుచుకునే ద్వారం.

ఒక్కరోజు దూరంలో

హిజ్లీ నిర్బంధ శిబిరం: 1931 సెప్టెంబరు 16న ఇక్కడ నిరాయుధులైన రాజకీయ ఖైదీలపై పోలీసులు కాల్పులు జరపగా సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించారు. దేశంలోని తొలి ఐఐటీ 1951లో ఆ భవనంలోనే ఆరంభమైంది. ప్రస్తుతం అందులో నెహ్రూ విజ్ఞాన సాంకేతిక ప్రదర్శనశాల ఉంది.

నయా గ్రామం: పింగ్లా సమీపంలోని ఈ ఊరిలో పటచిత్రకారుల కుటుంబాలు నివసిస్తాయి. బొమ్మల పటాన్ని విప్పుతూ కథను పాడి వినిపించడం వీరి వృత్తి. ఇస్లాంను ఆచరించే ఈ చిత్రకారులు రామాయణ గాథలను, మనసాదేవి కథలను గీసి పాడతారు.

కురుంబేరా: కేశియారీ సమీపంలోని ఈ ఎర్రరాతి కట్టడం 15వ శతాబ్దపు గజపతి కపిలేంద్రదేవుని కాలం నాటిదని అక్కడి ఒడియా శాసనం ఆధారంగా చెబుతారు. రాజమహేంద్రవరం, కొండవీడులను ఏలిన గజపతులు వీరే. మూడు గుమ్మటాల మసీదు కూడా ఇదే ప్రాంగణంలో ఉంది.

మొగల్మారీ: దాంతన్ సమీపంలోని ఈ గ్రామంలో 2003-04లో కలకత్తా విశ్వవిద్యాలయం మొదలుపెట్టిన తవ్వకాల్లో ప్రాచీన బౌద్ధ విహారం బయటపడింది.

ఎప్పుడు, ఎలా?

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం అనుకూలం. వేసవిలో ఎండ తీవ్రత, జూన్ నుంచి సెప్టెంబరు వరకు వర్షాలు ప్రయాణానికి ఇబ్బంది కలిగిస్తాయి. మూడు రోజులు కేటాయించగలిగితే ఒక రోజు పట్టణానికి, హిజ్లీకి. ఒక రోజు నయా గ్రామానికి. మరొకటి కురుంబేరా, మొగల్మారీలకు సరిపోతుంది. గ్రామాలకు బస్సుల రాకపోకలు పరిమితం కనుక అద్దె కారును ముందుగా మాట్లాడుకోవడం మంచిది. ఐఐటీ ప్రాంగణంలోని ప్రదర్శనశాల వేళలను, ప్రవేశ నిబంధనలను ముందే తెలుసుకోవాలి.

సూరత్, భివండీ, బళ్లారి, బరంపురం వంటి చోట్ల కూడా తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్నారు. తదుపరి యాత్రకు గమ్యం వెతికేవారు రాష్ట్రాల పటంతో పాటు వలసల పటాన్ని కూడా ముందు పెట్టుకుంటే, ఇంతవరకు రైలు కిటికీలోంచి మాత్రమే చూసిన ఊళ్లలో దిగవలసినవి ఏవో స్పష్టమవుతుంది.