కేసీ కెనాల్ నుంచి కడుపులో బ్యాక్టీరియా దాకా

పోయిన నెల మా నాన్నను నంద్యాలలో గుండె డాక్టర్‌కి చూపించా. బరువు ఎక్కువ, పొట్ట చుట్టూ కొవ్వు. "ఏం తింటారు?" అంటే, "మూడు పూటలా అన్నమే సార్" అన్నాడు. ఆళ్లగడ్డలో మా అవ్వ మాత్రం కొర్రన్నం తిని పెరిగింది. ఒక్క తరంలో ఇంత మార్పు ఎలా?

1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ కేసీ కెనాల్ తవ్వించింది. నష్టాలొస్తే 1882లో ప్రభుత్వం కొనేసింది. కాలవ కింద వరి పెరిగింది, మెట్టలో కొర్ర, జొన్న నిలిచాయి. 1983లో ఎన్టీఆర్ కిలో 2 రూపాయల బియ్యం తెచ్చాక పేద ఇళ్లకూ వరన్నం అందింది. ఆకలి తీరింది, అది చిన్న విషయం కాదు. కానీ కొర్ర పక్కకు పోయింది, దాంతోపాటు పీచు కూడా.

పీచుని మనం అరిగించుకోలేం. పెద్దపేగులో బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి బ్యుటిరేట్ లాంటి ఆమ్లాలు చేస్తాయి. అవి పేగు గోడను కాపాడతాయి. గోడ బలహీనపడితే ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ పెరగొచ్చు. ఊబకాయం ఉన్నవాళ్ల గుండెకు అదీ ఒక ముప్పే. 2006లో అమెరికాలో జెఫ్రీ గోర్డన్ టీమ్ లావు ఎలుకల పేగు బ్యాక్టీరియాను, అసలు బ్యాక్టీరియానే లేని ఎలుకల్లోకి ఎక్కించింది. వాటికి కొవ్వు ఎక్కువ పట్టింది!

కొర్ర మందు కాదు ఫ్రెండ్స్, మాత్రలు మానొద్దు. కానీ 1906లో మొదలైన నంద్యాల పరిశోధన కేంద్రం ఇప్పటికీ కొర్ర విత్తనాలు తయారుచేస్తోంది. 'సూర్యనంది' అక్కడిదే. డాక్టర్‌ని అడిగి, రాత్రిపూట కొర్రన్నం మొదలుపెట్టాం. మొదటి ముద్దకి నాన్న మొహం చిట్లించాడు. అవ్వ మాత్రం రెండోసారి పెట్టించుకుంది.

మీ అవ్వ చిన్నప్పుడు ఏం తినేదో అడిగి, కామెంట్లో చెప్పండి.