ఎల్లవేళలా డ్యూటీలోనే: ఆపదలో ముందు చేరేవారి మనసు

ఆపద జరిగిన చోటికి అందరికంటే ముందు చేరే పోలీసు, అగ్నిమాపక, అంబులెన్స్ సిబ్బంది మనఃస్థితిని పట్టించుకోవడం, ఆ కొలువుల వయసుతో పోలిస్తే, నిన్నమొన్నటి సంగతి. దేశంలో చాలాచోట్ల వర్తించిన 1861 నాటి పోలీసు చట్టం 22వ సెక్షన్ పోలీసును ఎల్లవేళలా విధుల్లో ఉన్నట్టే లెక్కించగా, 1966 నాటి మరో చట్టం అనుమతి లేకుండా సంఘం పెట్టుకునే వీలును తీసివేసింది. సెలవు హక్కు కాక పై అధికారి దయగా మిగలడానికి మూలం ఇక్కడే కనిపిస్తుంది.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1915 నాటికే, వైద్యులు 'షెల్ షాక్' అని పిలిచిన బాధకు 1980లో అమెరికా మనోవైద్యుల వర్గీకరణలో 'పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్' అన్న పేరుతో చోటు దక్కింది. చూసిన ఘోరం నెలలు గడిచినా కలలోనూ మెలకువలోనూ వెంటాడే రుగ్మత ఇది. ఘటన జరిగిన వెంటనే సిబ్బందిని కూర్చోబెట్టి అనుభవాలు చెప్పించే పద్ధతిని 1983లో జెఫ్రీ మిచెల్ ప్రతిపాదించగా, అలాంటి ఒక్క విడత ముచ్చట మేలు చేయదని తర్వాతి కాలంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది.

2013 ఫిబ్రవరి 21 సాయంత్రం, హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్లకు అమర్చిన రెండు బాంబులు పేలి 18 మంది ప్రాణాలు కోల్పోయారు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలై, ఇలాంటి ఆపదల్లో క్షతగాత్రులను తరలించే 108 అంబులెన్స్ సేవలో డ్రైవరును 'పైలట్' అంటారు. అతడి వెంట ఉండే ఈఎంటీ, అంటే అత్యవసర చికిత్సలో శిక్షణ పొందిన ఉద్యోగి, బండిలోనే ప్రథమ చికిత్స చేస్తాడు. పేలుడు కేసు 2016 డిసెంబరులో మరణశిక్షల దాకా నడిచింది గాని, క్షతగాత్రులను మోసినవారి నిద్ర గురించి రాసుకునే గడి ఏ కేసు డైరీలోనూ ఉండదు.

అయినా బాంబుకంటే రోస్టరే ఎక్కువ మందిని కుంగదీస్తుందనడం అతిశయోక్తి కాదు. హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ తోడ్పాటుతో 2014లో వెలువడిన జాతీయ అధ్యయనం, ఠాణా సిబ్బందిలో దాదాపు 90 శాతం మంది రోజుకు 8 గంటలకు మించి పనిచేస్తున్నారని తేల్చింది. గణేశ్ నిమజ్జనం నుంచి ఎన్నికల దాకా సాగే బందోబస్తులు దీనికి అదనం. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416 నంబరు ఫోనెత్తి వింటుంది కాని, వీక్లీ ఆఫ్ మంజూరు చేయలేదు.

2024 అక్టోబరులో తెలంగాణ ప్రత్యేక పోలీసు కానిస్టేబుళ్ల భార్యలు, సెలవుల విధానం మార్చి, పోలీసులందరికీ ఒకే విధానం ఉండే 'ఏక్ పోలీస్' వ్యవస్థ తేవాలని రోడ్డెక్కారు. ఆ ఆందోళన నేపథ్యంలో 39 మంది సిబ్బంది సస్పెండ్ అయ్యారు, 10 మంది ఉద్యోగాలు పోయాయి.