1942 బెర్లిన్ తొమ్మిదో సింఫనీ: వొక టేపు సాక్ష్యం

విల్‌హెల్మ్ ఫుర్ట్‌వేంగ్లర్ నాజీలకు లొంగిన కళాకారుడా, లేక నాజీల నడిబొడ్డున నిలబడి బీథోవెన్ నోటితో వాళ్ళను శపించిన వాడా? యెనభై యేళ్ళు దాటినా తెగని తగాదా యిది. రెండు పక్షాల వాళ్ళూ బోనెక్కించే సాక్షి మాత్రం మనిషి కాదు, వొక అయస్కాంత టేపు. 1942 మార్చి 22-24 తేదీల్లో బెర్లిన్ ఫిల్హార్మొనిక్ బృందం బీథోవెన్ తొమ్మిదో సింఫనీ వాయించగా, జర్మన్ రేడియో వాళ్ళు శ్రోతల సమక్షంలోనే దాన్ని పట్టుకున్న టేపు. సాలూరు పక్కనున్న పాచిపెంటలో కూర్చొని దీన్ని గురించి రాయటమేమిటని కొందరు మిత్రులు నవ్వారు. ఫాసిజాన్ని గురించి పాఠం చెప్పేవాడికి బెర్లిన్ దూరం కాదు.

ముందు వొక చిక్కు తీర్చుకోవాలి. త్యాగరాజు 1767లో పుట్టాడు, బీథోవెన్ 1770లో. దాదాపు యీడువాళ్ళే. కాని త్యాగరాజ కృతి మనకు గురుముఖతా వచ్చింది; సంగతులు వేసుకునే స్వేచ్ఛ పాడేవాడిది. బీథోవెన్ ప్రతి స్వరమూ, ప్రతి వాద్యానికీ, కాగితం మీద రాసిపెట్టాడు. చివరికి వేగం యెంతో కూడా మెట్రొనోమ్ అంకెల్లో చెప్పాడు. మరి కర్ర పట్టుకొని ముందు నిలబడే కండక్టర్‌కు మిగిలిన పని యేమిటి? కాలమూ, బరువూ. యెంతసేపు ఆగాలి, యెక్కడ వురకాలి, యే వాద్యం పైకి రావాలి. మూడో భాగాన్ని ఫుర్ట్‌వేంగ్లర్ యిక్కడ యిరవై నిమిషాలు నడిపాడు. 1952లో టోస్కనీని దాన్నే సుమారు పద్నాలుగు నిమిషాల్లో ముగించాడు. బీథోవెన్ అంకెలను పట్టుకొని 1987లో నారింగ్టన్ సుమారు పదకొండు నిమిషాల్లో ముగించాడు. స్వరం వొక్కటి మారలేదు. మారింది అర్థం.

అసలు మలుపు మొదటి భాగంలో వుంది. సింఫనీ మొదలయ్యేటప్పుడు తీగవాద్యాలు వణుకుతూ షడ్జ పంచమాల వంటి రెండు స్వరాలనే పట్టుకుంటాయి. గాంధారం లేదు, అందువల్ల యిది వెలుగో చీకటో చెవికి తెలియదు. తరువాత సాధారణ గాంధారంతో చీకటి పక్షమే గెలుస్తుంది. భాగం సగం దాటాక అదే సన్నివేశం తిరిగి వస్తుంది. ఈసారి మంద్రంలో అంతర గాంధారం వుంది. శాస్త్రప్రకారం అది వెలుగు. కాని ఆ వెలుగు మీద టింపనీ డోళ్ళు ముప్పైకి పైగా లయఖండాలపాటు యెడతెరిపి లేకుండా వురుముతుంటాయి. చాలామంది కండక్టర్లు డోళ్ళను వాద్యబృందం వెనక వుంచుతారు. 1942లో అవి ముందుకొచ్చి మిగతా బృందాన్ని తొక్కేస్తాయి. వూరు తగలబడుతుంటే వచ్చే వెలుగులాంటి వెలుగది. చివరి భాగంలో బృందగానం దేవుని సన్నిధిని తలచి నిలిచిపోయే చోట, వూపిరి ఆగేంతసేపు ఆ స్వరాన్ని పట్టి వుంచుతాడు. ఆఖరి పరుగులోనైతే వేగం హద్దు దాటి స్వరాలు వొకదాని మీద వొకటి పడి నలుగుతాయి. ఆనందగీతం యిలా వుంటుందా?

వుండదు గనుక యిది తిరుగుబాటేనని వొక వాదం. వినటానికి యింపుగా వుంది. కాని ఆయన 1937లో లండన్‌లోనూ, 1951లో బైరాయిట్‌లోనూ చేసిన యిదే సింఫనీ సజీవ రికార్డులు వున్నాయి. ఆ మలుపును అక్కడా భీకరంగానే నడిపాడు. నెమ్మది భాగం అక్కడా నెమ్మదే. అంటే యీ వ్యాఖ్యానానికి యెముకలు 1942 నాటివి కావు. ఆ యేడాది తెచ్చింది జ్వరం. ఆ జ్వరం కోపమో, భయమో, అపరాధభావమో టేపు చెప్పదు. చెప్పిందని రాసేవాళ్ళు తమ కోరికనే వింటున్నారు.

అయితే టేపు చెప్పేవీ వున్నాయి. మూడో భాగపు నిశ్శబ్దంలో శ్రోతల దగ్గు వినిపిస్తుంది. వాళ్ళెవరు? 1941 అక్టోబరు నుంచి ఆ నగరపు యూదులను రైళ్ళకెత్తి పంపిస్తున్నారు. పోలండ్ గడ్డ మీద బెల్జెక్ విషవాయు కేంద్రం 1942 మార్చి 17న పని మొదలుపెట్టింది, యీ కచేరీకి అయిదు రోజుల ముందు. లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో ఆకలితో చస్తున్నది. అటువంటి వారంలో మానవ సౌభ్రాత్రాన్ని గురించిన షిల్లర్ గీతాన్ని వాళ్ళు టిక్కెట్టు కొనుక్కొని విన్నారు. వాయించినవాళ్ళెవరు? 1934లో రీచ్ ప్రభుత్వం కొనేసిన బృందమది. గోబెల్స్ మంత్రిత్వశాఖ కింద వుండేది, వాద్యకారులకు సైన్యంలో చేరవలసిన పని లేదు. ఆ బృందానికి నాయక వయొలినిస్టుగా వుండిన సైమన్ గోల్డ్‌బెర్గ్ యూదుడైనందున 1934లో వెళ్ళిపోవలసి వచ్చింది. 1942 నుంచి 1945 దాకా జావాలో జపాను సైన్యపు నిర్బంధంలో మగ్గాడు. టేపులో లేని ఆ వయొలిన్ కూడా సాక్ష్యమే.

యిక ఫుర్ట్‌వేంగ్లర్. హిందెమిత్‌ను వెనకేసుకొచ్చి 1934లో పదవులు వదిలాడు. మరుసటి యేడే మళ్ళీ కర్ర పట్టాడు. కొందరు యూదు వాద్యకారులను కాపాడిన మాట నిజం. 1942 ఏప్రిల్ 19న, హిట్లర్ పుట్టినరోజు ముందటి సాయంత్రం, యిదే సింఫనీని పార్టీ పెద్దలకు వినిపించిన మాటా నిజమే. ఆ ఫిల్ము ముక్క వుంది: గోబెల్స్ వేదిక దగ్గరికి వచ్చి చెయ్యి కలుపుతాడు. తరువాత కండక్టర్ చేతిలో కనిపించే రుమాలు మీద భక్తులు పురాణాలే అల్లారు; 2001లో ఇష్త్వాన్ సాబో తన సినిమా చివర ఆ ముక్కనే వాడుకున్నాడు. 1946 డిసెంబరు విచారణలో ఆయన నిర్దోషిగా బయటపడ్డాడు. నా తీర్పు అడిగితే, రుమాలు కంటే కలిసిన చెయ్యే పెద్ద సంగతి. కాని ఆ చేతిని సాకుగా చూపి టేపు వినకుండా వుండటం చరిత్ర విద్యార్థి చెయ్యదగిన పని కాదు.

మొదటి భాగాన్ని మా విద్యార్థులకు వినిపించాను. కొండల్లో థింసా చూసి పెరిగిన పిల్లలు. మోరి, తుడుము, కిరిడి వాళ్ళకు తెలుసు. ఆ ఆటలో కర్ర పట్టి ముందు నిలబడేవాడుండడు. డోళ్ళ మలుపు రాగానే వొకడు అడిగాడు: “ఆ డోలు కొడుతున్నదెవరు మాస్టారూ?” నా దగ్గరున్న రికార్డు అట్ట మీద నలుగురు గాయకుల పేర్లున్నాయి, కండక్టర్ పేరు పెద్దక్షరాల్లో వుంది. డోలు కొట్టినవాడి పేరు లేదు. కండక్టర్ లేకుండా నడిచిన మాస్కో బృందం పెర్సిమ్‌ఫాన్స్ సంగతి అప్పుడు చెప్పాను; 1922లో మొదలై పదేళ్ళు బతికింది.

టేపు సంగతి కొంచెం మిగిలింది. అప్పటి గ్రామఫోను పలక మీద నాలుగైదు నిమిషాలే పట్టేది. కచేరీని తెగకుండా పట్టగలిగింది జర్మన్ మాగ్నెటోఫోన్ యంత్రమే. 1944 జనవరి 30న బాంబులు పడి ఆ హాలు కూలిపోయింది. 1945లో బెర్లిన్ చేరిన సోవియట్‌లు రేడియో టేపులను మాస్కోకు తీసుకుపోయారు. లెనిన్‌గ్రాడ్ ముట్టడి నాటి బెర్లిన్ సంగీతాన్ని సోవియట్ ‘మెలొదియా’ సంస్థ 1960ల్లో ఎల్.పి.లుగా అచ్చువేసి అమ్మింది. పడమటి దేశాల సంగీతప్రియులు ఆ పలకల కోసం వెతుక్కునేవారు. టేపుల నకళ్ళు 1987లో పడమటి బెర్లిన్ రేడియోకు తిరిగి చేరాయి.