చికిత్సా లక్ష్యాల సంభాషణ (క్యాన్సర్)

క్యాన్సర్ రోగికి ఇకముందు ఏ చికిత్స చేయాలి, ఎంతవరకు చేయాలి అన్నది తేల్చే ముందు, ఆ మనిషికి ఏది ముఖ్యమో, దేనికి భయపడుతున్నారో డాక్టరు అడిగి తెలుసుకోవడమే చికిత్సా లక్ష్యాల సంభాషణ. జబ్బు నయమవుతుందా, అదుపులో ఉంచి ఆయుష్షు పెంచగలమా, నొప్పి, ఆయాసం తగ్గించడమే మిగిలిందా అన్నది చెప్పాల్సింది డాక్టరు. సాధ్యమైనవాటిలో తనకేది కావాలో చెప్పాల్సింది రోగి. జబ్బుతోపాటు జవాబూ మారుతుంది కాబట్టి ఇది ఒక్కసారితో తేలదు. స్కాన్‌లో గడ్డ పెరిగినా, కీమో మందు మార్చాల్సి వచ్చినా మళ్లీ కూర్చుని మాట్లాడుకోవాలి.

ఈ మాటలు జరగకపోతే ఏమవుతుందో 2012లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం చూపించింది. ఇతర అవయవాలకు పాకిన ఊపిరితిత్తుల, పెద్దపేగు క్యాన్సర్లకు కీమో తీసుకున్న 1,193 మందిని అందులో ప్రశ్నించారు. ఆ కీమోతో జబ్బు నయం కాదన్న సంగతి ఊపిరితిత్తుల రోగుల్లో 69 శాతం మందికి, పెద్దపేగు రోగుల్లో 81 శాతం మందికి స్పష్టంగా తెలియదు. మా డాక్టరు చక్కగా మాట్లాడతారని మెచ్చుకున్నవాళ్లలోనే ఈ అపోహ ఎక్కువ. మంచిగా మాట్లాడటం, నిజం చెప్పడం ఒకటి కావన్నమాట.

నిజం చెబితే రోగి కుంగిపోతాడన్న భయానికి మాత్రం ఆధారాలు అంతగా లేవు. 2008 నాటి మరో అమెరికా అధ్యయనంలో, చివరి రోజుల గురించి డాక్టరుతో మాట్లాడినవారిలో కుంగుబాటు ఎక్కువగా కనబడలేదు. వెంటిలేటరు మీద, ఐసీయూలో గడిపినవారు వారిలో తక్కువ.

తెలుగు ఇళ్లలో చిక్కు వేరు. గదిలోకి రోగికంటే ముందు కొడుకో అల్లుడో వస్తాడు. "నాన్నకి చెప్పకండి డాక్టరుగారూ, బెంగపెట్టుకుంటారు" అంటాడు. పాలియేటివ్ (బాధ తగ్గించే) వైద్యంలో అనుభవమున్నవారు ఆ కొడుకుతో వాదనకు దిగరు. ఎందుకు వద్దంటున్నాడో అడుగుతారు, తండ్రి తనంతట తాను అడిగితే మాత్రం అబద్ధం చెప్పలేనని ముందే చెబుతారు. ఆ తర్వాత పెద్దాయన్ను, "మీ జబ్బు గురించి మీకేం తెలుసు? ఎంతవరకు తెలుసుకోవాలనుంది?" అని అడుగుతారు. కొందరు "మా పెద్దాడికి చెప్పండి, వాడు చూసుకుంటాడు" అంటారు. అదీ రోగి నిర్ణయమే. అయితే హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి నాలుగుసార్లు వచ్చిపోయిన మనిషికి తన జబ్బేమిటో తెలియదనుకోవడం చాలాసార్లు ఇంటివాళ్ల భ్రమే.

అడిగితే బయటికొచ్చే కోరికలు వైద్య పరిభాషలో ఉండవు. కూతురి పెళ్లిదాకా లేచి తిరగాలి, పిల్లల నెత్తిన అప్పు మిగలకూడదు, ఎకరం అమ్మొద్దు, ప్రాణం సొంత ఊళ్లోనే పోవాలి. ప్రభుత్వ ఆరోగ్యశ్రీ పథకం ఆసుపత్రి బిల్లు కట్టినా, దారిఖర్చులు, పోయిన కూలీ ఇంటి మీదే పడతాయి. అందుకే డబ్బు ప్రసక్తి లేని సంభాషణ ఇక్కడ సగమే. "ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అనడం సంభాషణే కాదు. కీమో ఆపినా నొప్పికి, వాంతులకు, నిద్రలేమికి చేయాల్సింది చాలా ఉంటుంది.

రోగి మాట చెప్పలేని స్థితి వస్తే ఏయే చికిత్సలు వద్దో ముందుగా రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించింది. ఆ పద్ధతి ఆచరణలో కష్టమని తేలడంతో 2023 జనవరిలో సులభతరం చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ చేతనో గెజిటెడ్ అధికారి చేతనో ధ్రువీకరింపజేస్తే చాలు.

ఇంట్లోనే ఉంటానన్న కోరిక నిలవాలంటే తీవ్రమైన నొప్పిని తగ్గించే మార్ఫిన్ అందుబాటులో ఉండాలి. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి, ఆసుపత్రులు దాన్ని నిల్వ చేసుకోవడానికి పలు లైసెన్సులు తెచ్చుకునే బెడదను తగ్గించారు. తెలంగాణ జిల్లాల్లో పాలియేటివ్ కేంద్రాల నర్సులు మంచం పట్టిన రోగుల ఇళ్లకు వెళ్లి చూస్తున్నారు. ఆసుపత్రిలో అడగని ప్రశ్నలు కొన్ని ఆ ఇళ్లలోనే మొదటిసారి వినబడుతుంటాయి.